మొదటి షిప్పు పేలకముందే తెలియాల్సిన సంగతులు

సంపాదకులకు నమస్కారం.

సెలవులు రాగానే ఆన్‌లైన్ ఆటల మీద హెచ్చరికలు పత్రికల్లో కనబడుతుంటాయి. అవి కావాల్సినవే. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని మన తెలంగాణ 2017లోనే నిషేధించింది, 2025లో కేంద్రం కూడా డబ్బాటల మీద చట్టం తెచ్చింది. కానీ ఆట అనగానే అన్నిటినీ ఒకే గాటన కట్టడంతో, కాగితం పెన్ను దగ్గర పెట్టుకుని లెక్కలు వేసి ఆడాల్సిన ఆటలు కూడా ఆ మూటలోనే పడిపోతున్నాయి. ఈవ్ ఆన్‌లైన్ అలాంటి ఆట. ఐస్‌లాండ్‌కు చెందిన సీసీపీ సంస్థ 2003 మేలో విడుదల చేసిన అంతరిక్షం ఆట ఇది. చైనా ఒక్కటి పక్కన పెడితే ప్రపంచమంతా ఒకే సర్వర్‌లో ఆడుతుంది. ఓరుగల్లు విద్యార్థి తవ్విన ఖనిజాన్ని జర్మనీలో ఎవరో కొంటారు, దాంతో తయారైన షిప్పును ఇంకో దేశంలో ఎవరో పేల్చేస్తారు.

మన దగ్గర దీన్ని మొదలుపెట్టే పిల్లల్లో చాలామంది వారం తిరక్కముందే వదిలేస్తున్నారు. ఆట కష్టమై కాదు. ఇందులో పేలిన షిప్పు తిరిగి రాదన్న ఒక్క మాట ముందే ఎవరూ చెప్పకపోవడం వల్ల. వేరే ఆటల్లో చచ్చినా సామానుతో సహా మళ్లీ లేస్తాం. ఇక్కడ మనిషి కొత్త క్లోన్‌లో స్టేషన్లో లేస్తాడు కానీ షిప్పు, దానికి బిగించిన గన్నులు, లోపలి సరుకు అన్నీ పోయినట్టే. పదిహేను రోజులు కూడబెట్టిందంతా ఒకే షిప్పులో పెట్టి, అది పదిహేను సెకన్లలో పేలిపోతే ఏ పిల్లవాడైనా కంప్యూటర్ మూసేస్తాడు. అందుకే ఈ ఆట బాగా తెలిసిన మేం కొందరం కలిసి ఈ ఉత్తరం రాస్తున్నాం. ఆటలో తెలుగు లేదు, నేర్పే సరంజామా చాలావరకు ఇంగ్లిషులోనే ఉంది.

ముందు డబ్బు సంగతి. ఆల్ఫా అనే ఖాతా ఉచితం, గడువు లేదు. నెలనెలా కట్టేది ఒమెగా. మొదటి రెండు నెలలు పైసా కట్టాల్సిన పని లేదు. ఆటలోని మనిషి నేర్చుకునే పనితనాలను స్కిల్స్ అంటారు, వాటిని పాయింట్లలో లెక్కిస్తారు. 50 లక్షల స్కిల్ పాయింట్ల దాకా ఆల్ఫాలో స్కిల్స్ వాటంతట అవే పెరుగుతాయి, అది నెలల తరబడి సరిపోతుంది. ప్లెక్స్ అనే సరుకును అసలు డబ్బుతో కొని ఆటలో అమ్ముకోవచ్చు, 500 ప్లెక్స్‌తో నెల రోజుల ఒమెగా వస్తుంది. డబ్బు ఆటలోకి వెళ్తుంది, ఆటలోంచి రూపాయి కూడా బయటికి రాదు. తల్లిదండ్రులు గుర్తుపెట్టుకోవాల్సింది ఇదే. ఆటలో చెల్లే ఇస్క్‌ను ఎవరైనా బయట అమ్ముతామంటే అది నిబంధనలకు విరుద్ధం, కొన్నవాళ్ల ఖాతా కూడా మూతపడొచ్చు. ఇంకొకటి: ఇప్పటికే ఆడేవాళ్లు పంపిన ఆహ్వాన లింకుతో ఖాతా తెరిస్తే 10 లక్షల స్కిల్ పాయింట్లు ఊరికే వస్తాయి. కాబట్టి ఖాతా తెరిచే ముందే తెలిసినవాళ్లను లింకు అడగండి. ఫోన్లో దొరికే ఈవ్ ఎకోస్ వేరే ఆట, వేరే లోకం. అక్కడి షిప్పులు ఇక్కడికి రావు.

ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు లేని ల్యాప్‌టాప్‌లోనూ సెట్టింగులు బాగా తగ్గించుకుంటే మొదటి నెల పనులన్నీ నడుస్తాయి. సర్వర్ లండన్‌లో ఉంది కదా, పింగ్ (సంకేతం అక్కడికి వెళ్లి వచ్చే ఆలస్యం) సంగతేంటని భయపడొద్దు. ఈవ్ సర్వర్ లెక్క సెకనుకు ఒకసారే జరుగుతుంది, తుపాకీ ఆటల్లోలా రెప్పపాటుతో పని లేదు. భయపడాల్సింది కరెంటు కోతకు. లైను పోగానే షిప్పు దానంతట అదే దూరంగా వార్ప్ అవడానికి, అంటే మెరుపు వేగంతో దూకడానికి, చూస్తుంది. కానీ అప్పటిదాకా కంప్యూటర్ శత్రువులతో కొట్లాడుతుంటే 5 నిమిషాలు, మనుషులతో కొట్లాడుతుంటే 15 నిమిషాలు అంతరిక్షంలోనే నిలబడి ఉంటుంది. ఎవరైనా వార్ప్‌ను అడ్డుకునే స్క్రాంబ్లర్ వేసి పట్టుకుని ఉంటే వార్ప్ కూడా కాదు. ఇన్వర్టర్ లేని ఇంట్లో మబ్బు పట్టిన సాయంత్రం పూట ఖరీదైన షిప్పు బయటికి తీయకపోవడం మేలు.

ఆరా అనే గొంతు చెప్పే తొలి పాఠం అయ్యాక కొత్తవాళ్లు దాటేసే మెట్టు ఒకటుంది: కెరీర్ ఏజెంట్లు, అంటే పనులిచ్చి ఒక్కో వృత్తిని నేర్పే ఆటలోని పాత్రలు. పోరాటానికి రెండు, అన్వేషణకు ఒకటి, తవ్వకానికీ తయారీకీ రెండు వరసల పనులు ఉంటాయి. అయిదూ చేయండి. చేస్తుంటే చిన్న షిప్పులు, పరికరాలు, స్కిల్ పుస్తకాలు, కొంత ఇస్క్ చేతికొస్తాయి. పోరాటం వరసలో ఒక పనికి షిప్పు పేలిపోయి తీరాలి, ఆ పని అంతే. వివరం చదవకుండా ఉన్నవాటిలో మంచి షిప్పు వేసుకుని వెళ్లి పోగొట్టుకునేవాళ్లు ఎందరో. దానికి పనికిరాని షిప్పే తీసుకెళ్లండి. ఆ తర్వాత ఆర్నాన్ అనే చోట సిస్టర్ అలిటురా దగ్గర దాదాపు యాభై పనుల పెద్ద కథ మొదలవుతుంది. చిన్న షిప్పులోనే చాలావరకు అవుతుంది.

స్కిల్స్ దగ్గర లెక్క తెలియాలి. మీరు ఆడినా ఆడకపోయినా గడియారంతో పాటు స్కిల్ పెరుగుతుంది. గుణకం (స్కిల్ ఎంత కష్టమో చెప్పే అంకె) 1 ఉన్న స్కిల్‌కు మూడో లెవల్ దాకా మొత్తం 8,000 పాయింట్లు, నాలుగో లెవల్ దాకా 45,255, అయిదో లెవల్ దాకా 2,56,000. ఆల్ఫాకు గంటకు సుమారు 900 పాయింట్లు వస్తాయి. అంటే రెండు నుంచి మూడుకు ఏడెనిమిది గంటలు, మూడు నుంచి నాలుగుకు రెండు రోజులకు కాస్త తక్కువ, నాలుగు నుంచి అయిదుకు తొమ్మిది పది రోజులు. లాభం మాత్రం ప్రతి మెట్టుకూ ఒకటే. షిప్పుకు ఎక్కువ పరికరాలు పట్టేలా చేసే సీపీయూ మేనేజ్‌మెంట్‌లో ఒకటో లెవల్ ఇచ్చేది 5 శాతం, అయిదో లెవల్ ఇచ్చేదీ 5 శాతమే. ఒక స్కిల్‌ను అయిదుకు తీసుకెళ్లే పాయింట్లతో అలాంటివి 32 స్కిల్స్‌ను మూడుకు తీసుకెళ్లొచ్చు. కాబట్టి ఆహ్వానం మీద వచ్చిన 10 లక్షలను ఒకేచోట గుమ్మరించకండి. ఏ షిప్పులో ఉన్నా పనికొచ్చేవి ముందు: సీపీయూ, పవర్‌గ్రిడ్, కెపాసిటర్ (షిప్పు బ్యాటరీ), షీల్డు, మెకానిక్స్, నావిగేషన్‌కు సంబంధించిన స్కిల్స్. అన్నీ మూడుకు, ఆ తర్వాత రోజూ వాడేవి నాలుగుకు. ఆల్ఫాకు క్యూలో (నేర్చుకోవాల్సిన స్కిల్స్ వరసలో) 24 గంటల్లోపు మొదలయ్యేవి మాత్రమే పడతాయి, కాబట్టి పొడవాటి స్కిల్ పడుకునే ముందు పెట్టండి.

ఫిట్టింగ్‌లో, అంటే షిప్పుకు పరికరాలు బిగించడంలో, అందరూ చేసే తప్పు షీల్డూ (చుట్టూ ఉండే శక్తి కవచం) ఆర్మరూ (ఒంటి మీది లోహపు కవచం) రెండూ కలపడం. రెండు గొడుగులుంటే ఇంకా మంచిది కదా అనిపిస్తుంది. కాదు. షీల్డ్ ఎక్స్‌టెండర్ పెడితే శత్రువుకు షిప్పు పెద్దదిగా కనబడి దెబ్బ సులువుగా తగులుతుంది. ఆర్మర్ ప్లేటు పెడితే బరువెక్కి షిప్పు మందగిస్తుంది. రెండూ పెడితే రెండు నష్టాలూ మీద పడి రెండు రక్షణలూ సగం సగమే అవుతాయి. షీల్డు సామాను మధ్య స్లాట్లలో (పరికరాలు బిగించే అరల్లో) కూర్చుంటుంది కాబట్టి షీల్డ్ షిప్పుకు కింది స్లాట్లు దెబ్బ పెంచే పరికరాలకు మిగులుతాయి. ఆర్మర్ షిప్పుకు మధ్య స్లాట్లు శత్రువును పట్టే వాటికి మిగులుతాయి. ఎంచుకునేటప్పుడు చూడాల్సింది అది. గన్నులు కూడా ఒకే రకం, ఒకే దూరం కొట్టేవి పెట్టాలి.

తవ్వకానికి వెంచర్ అనే షిప్పు. ఖనిజం గది 5,000 ఘనపు మీటర్లు. వెల్డ్‌స్పార్ అనే ఖనిజం ఒక్కో యూనిట్ 0.1 ఘనపు మీటరు కనుక నిండితే 50,000 యూనిట్లు. డ్రోన్లు వదిలి తవ్వుతూ టీవీ చూడటం, తర్వాత డ్రోన్లను వెనక్కి పిలవకుండా వార్ప్ అయిపోవడం, రెండూ కొత్తవాళ్ల అలవాట్లు. మొదటి దానివల్ల షిప్పు పోతుంది, రెండో దానివల్ల డ్రోన్లు పోతాయి.

ఇప్పుడు అసలు విషయం, భద్రత. ప్రతి సౌరమండలానికీ ఒక అంకె ఉంటుంది. 1.0 నుంచి 0.5 దాకా హైసెక్, 0.4 నుంచి 0.1 దాకా లోసెక్, ఆ కింద నల్‌సెక్. హైసెక్‌లో కాంకార్డ్ అనే పోలీసులు ఉంటారని చదివి, అక్కడ ఎవరూ కొట్టరనుకుంటారు. కాంకార్డ్ కాపాడదు, కొట్టినవాడిని ఆ తర్వాత శిక్షిస్తుంది. 1.0లో కొద్ది సెకన్లలో వస్తుంది, 0.5లో దాదాపు 20 సెకన్లు పడుతుంది. ఆ 20 సెకన్లలో మీ షిప్పు పేల్చగలిగితే, మీ సరుకు విలువ వాళ్లు పోగొట్టుకునే చౌక షిప్పుల కంటే ఎక్కువైతే, వాళ్లకు లాభమే. పేలిన షిప్పులో ఒక్కో సరుకు మిగలడానికి సగం అవకాశం ఉంటుంది, వాళ్లు ఆ సగాన్నే లెక్క వేస్తారు. మీరూ అదే లెక్క వేసుకుని బయలుదేరండి, సరుకును నాలుగు దఫాలుగా మోయండి. ఆటోపైలట్ గేటుకు (ఇంకో సౌరమండలానికి దాటించే ద్వారానికి) కొన్ని కిలోమీటర్ల ముందే ఆగి అక్కడినుంచి నెమ్మదిగా పాకుతుంది. సెకనుకు 100 మీటర్ల వేగమున్న సరుకు షిప్పు నిమిషానికి పైగా ఆరుబయట నిలబడ్డట్టే. చేత్తో జంప్ నొక్కితే నేరుగా గేటు మీదే దిగుతుంది. గేటు దాటాక కదలనంతసేపు, 60 సెకన్ల వరకు, ఎవరికీ కనబడరు. ఆ నిమిషం చుట్టూ చూడటానికే. నేరమయ్యే పనులను అడ్డుకునే సేఫ్టీ బటన్ పచ్చగానే ఉంచండి. పచ్చగా లేనప్పుడు పసుపు రంగు శిథిలంలోంచి (అది వేరేవాళ్లది) ఒక్క వస్తువు తీసుకున్నా 15 నిమిషాలు ఎవరైనా మిమ్మల్ని కొట్టొచ్చు, పోలీసులు పలకరు. తీసేవాడు తీస్తాడని సరుకు ఎర వేసి కాచుకునేవాళ్లున్నారు, పైలం.

బీమా ఉంది, 12 వారాలు చెల్లుతుంది. అయితే అది షిప్పు ఒంటికి మాత్రమే, బిగించిన సామానుకు కాదు. అందుకే మా మాట: చేతిలో ఉన్న డబ్బుతో అదే షిప్పును, అదే ఫిట్టింగ్‌తో, ఇంకో నాలుగుసార్లు కొనగలిగితేనే దాంట్లో స్టేషన్ దాటండి.

ఎనుమాముల మార్కెట్ చూసినవాళ్లకు జిటా వెంటనే అర్థమవుతుంది. జిటా అనే సౌరమండలంలో నాలుగో గ్రహానికి నాలుగో చంద్రుడి దగ్గరున్న స్టేషనే ఈ ఆటకు పెద్ద అంగడి. మన దగ్గర జెండా పాట ధర పేపర్లో చూసి మిర్చి తెచ్చిన రైతుకు కాంటా దగ్గర ఆ ధర దక్కదు, అది ఏదో ఒక మంచి లాటుకు పలికింది. ఇక్కడ కూడా సరుకు పక్కన కనబడే అంచనా విలువ మీ చేతికొచ్చే ధర కాదు. వెంటనే అమ్మేయి అని నొక్కితే మీరున్న చోట ఉన్న కొనుగోలు ఆర్డర్‌కే పోతుంది, అది పదో వంతే ఉండొచ్చు. ఓపిక ఉంటే మీరే అమ్మకం ఆర్డర్ పెట్టండి. బ్రోకర్ ఫీజు, అమ్మకం పన్ను పోను ఎంత మిగులుతుందో ముందే చూడండి. కాంట్రాక్టులు (ఆటగాళ్లు నేరుగా పెట్టే బేరాలు) తెరిచినప్పుడు మూడు చూడాలి: సరుకు పేరు, ఎన్ని ఉన్నాయి, ధరలో ఎన్ని సున్నాలు. ఇస్తున్నది ఎవరు, తీసుకుంటున్నది ఎవరు అనేది తారుమారు చేసి మోసపుచ్చేవాళ్లు చాలామంది. జిటా చాట్‌లో ఇస్క్ పంపితే రెట్టింపు చేసి ఇస్తామనేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. ఆట నిబంధనలు ఇలాంటి మోసాన్ని అడ్డుకోవు, ఫిర్యాదు చేసినా పోయింది తిరిగి రాదు. అట్లాగే కార్పొరేషన్‌లో (ఆటగాళ్ల సంఘంలో) చేర్చుకోవడానికి డిపాజిట్ అడిగితే, మీ షిప్పులన్నీ ఫలానా చోటికి తెచ్చేయమంటే, అక్కడితో మాట ఆపేయండి. కొత్తవాళ్లకు పాఠాలు చెప్పడానికే 2004 నుంచి నడుస్తున్న ఈవ్ యూనివర్సిటీ లాంటి సంఘాలున్నాయి. ఒంటరిగా నెట్టుకొచ్చేవాడి కంటే అలాంటి చోట చేరినవాడు ఎక్కువ రోజులు నిలబడతాడు.

ఆట గడియారం మన సమయానికి అయిదున్నర గంటలు వెనక ఉంటుంది. రోజూ సాయంత్రం నాలుగున్నరకు సర్వర్ కాసేపు ఆగుతుంది, కాలేజీ నుంచి రాగానే తెరిచి ఏదో పాడైందని కంగారు పడొద్దు.

చివరగా ఇంట్లోవాళ్లకు ఒక మాట. ఈ ఆటను మధ్యలో ఆపిపెట్టే బటన్ లేదు. అన్నానికి పిలిచినప్పుడు పిల్లవాడు రెండు నిమిషాలు అన్నాడంటే అందులో అబద్ధం లేదు. డ్రోన్లు వెనక్కి పిలవాలి, షిప్పును స్టేషన్ వైపు తిప్పాలి, వేగం నాలుగింట మూడొంతులు అందుకున్నాకే వార్ప్ అవుతుంది, దిగి స్టేషన్లోకి చేరాలి. అంతా కలిపి రెండు నిమిషాలే. అయిదు నిమిషాలు దాటితే మాత్రం వాడు ఇంకో బండను తవ్వడం మొదలుపెట్టాడన్నమాట, అప్పుడు ఇంకోసారి పిలవండి.

ఇట్లు,
ఈ ఆట తెలిసిన కొందరు పాఠకులు,
హనుమకొండ