ఖత్నా మీద సర్వే చేయండి, కానీ ముఖం మీద అడగకండి

సంపాదకుల వారికి,

షియా ముస్లింలలో ఒక శాఖ అయిన దావూదీ బోహ్రా కుటుంబాల్లో ఆడపిల్లలకు ఏడేళ్ల వయసులో చేసే ఖత్నా, అంటే జననాంగ కోత, ఆపాలని 2017లో సుప్రీంకోర్టులో పిల్ వేశారు. ఆచారం ఉందనడానికి అధికారిక లెక్కలు గానీ అధ్యయనాలు గానీ లేవని కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ ఆ డిసెంబరులోనే కోర్టుకు చెప్పింది. ఎక్కడ నుంచి వస్తాయి? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆ ప్రశ్నే లేదు. మరుసటి ఏడాది ఆ సమాజంలోని మహిళల చొరవతో జరిగిన ఒక చిన్న అధ్యయనంలో, మాట్లాడినవాళ్ల కూతుళ్లలో ఏడేళ్లు దాటిన వారిలో 75 శాతం మందికి ఖత్నా అయిందని తేలింది.

కాబట్టి ప్రభుత్వమే సర్వే చేయాలి. అయితే ఎలా అడుగుతారన్నదే నా బెంగ.

నేను చాలా ఏళ్లు ఇంటింటి సర్వేల్లో పనిచేశాను. భర్త కొట్టడం తప్పా కాదా అని ఒకావిడను అడిగితే, గుమ్మంలో కూర్చున్న అత్తగారి వైపు చూసి "తప్పేముందమ్మా" అంది. నన్ను గేటు దాకా దిగబెడుతూ, "అది రాసేశారా?" అని మెల్లగా అడిగింది. రాసేశాను. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఏదో ఒక కారణానికి భర్త కొట్టొచ్చు అన్న ఆడవాళ్లు తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ దాదాపు 84 శాతం. ఆ అంకె చూసినప్పుడల్లా నాకు ఆ గేటే గుర్తొస్తుంది.

ఇథియోపియాలో ఈ చిక్కు తిరగబడి ఉంది. అక్కడ 2004 చట్టం ప్రకారం కోత నేరం. అందుకని సమర్థించేవాళ్లు సర్వేవాళ్ల ముందు వద్దంటారు. అఫార్ ప్రాంతంలో పరిశోధకులు ఒక చిట్కా వాడారు. కొందరికి మామూలు వాక్యాలు కొన్ని చదివి, ఎన్నిటికి ఒప్పుకుంటారో అంకె మాత్రం చెప్పమన్నారు. ఇంకొందరికి అవే వాక్యాలతో పాటు కోతను సమర్థించే వాక్యం ఒకటి కలిపారు. మొదటి గుంపు సగటు 2.1, రెండోది 2.4 వచ్చిందనుకోండి, ఆ తేడాయే లోపల సమర్థించేవాళ్ల వాటా, 30 శాతం. ఎవరు దేనికి ఒప్పుకున్నారో అడిగిన మనిషికి కూడా తెలియదు. ఇలా అడిగితే, చదువుకోని ఆడవాళ్లు నేరుగా అడిగినప్పుడు తమ సమర్థనను దాచుకుంటున్నారని బయటపడింది.

బోహ్రా మహిళలకు రెండు వైపులా టెన్షనే. బయటివాళ్లకు ఆచారం ఉందని చెప్పలేరు. తమవాళ్ల ముందు వద్దనలేరు, వెలి వేస్తారన్న భయం. మన సికింద్రాబాద్‌లోనూ ఆ కుటుంబాలున్నాయి, వాళ్ల తల్లులూ ఇందులో ఉన్నారు.

ఈ పద్ధతికి ఎక్కువ మంది కావాలి, ఖర్చవుతుంది. వాక్యాలు కూడా ఆచితూచి ఎంచాలి. లేకపోతే అన్నిటికీ అవునన్న మనిషి గుట్టు ఆ అంకెతోనే బయటపడిపోతుంది. ముందు ముంబై, సూరత్, ఉదయ్‌పూర్, హైదరాబాద్‌లలో చిన్నగా చేసి చూడండి. ప్రశ్నలు వాళ్లు ఇంట్లో మాట్లాడే గుజరాతీలో ఉండాలి. అడిగేది ఆడమనిషి కావాలి, ఆ వీధికి కొత్త మనిషి కావాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత సర్వే ఉద్యోగిని,
సికింద్రాబాద్