ట్యాంకు విప్పకుండానే ‘నార్మల్’ అని రాసిన బండి గురించి ఫిర్యాదు

కస్టమర్ కేర్ విభాగం వారికి,

అయ్యా,

తిరుపతి ఎండలకు ఏ బండైనా వేడెక్కుతుందని మీ సర్వీస్ సెంటర్ వాళ్లు నాకు పాఠం చెప్పనక్కర్లేదు. నా బైక్ గురించి నేను చెప్పింది ఇంజన్ వేడి కాదు, పెట్రోల్ ట్యాంకులో ప్రెషర్. మూత తిప్పగానే బుస్సుమని ఆవిరి తన్నుకొస్తోంది. ట్యాంకు నిండుగా ఉంటే మూత అంచు తడిసిపోతోంది. ఇది వినిపించుకునే మనిషే మీ దగ్గర లేడా?

అడ్వైజర్ గారు, రాత్రంతా షెడ్డులో నిలబెట్టిన బండి ట్యాంకు మీద పొద్దున్నే చెయ్యి పెట్టి, “చల్లగానే ఉంది కదన్నా” అన్నారు. జాబ్ కార్డులో ‘నార్మల్’ అని రాసి, వాటర్ వాష్ కొట్టి పంపారు. టోల్ ఫ్రీకి చేస్తే డీలర్‌ను అడగమన్నారు. డీలర్‌ను అడిగితే కంపెనీ ఇంజనీర్ రావాలన్నారు. ఇంజనీరేమో డీలర్ రిపోర్టు చూశారట, అందులో ‘నార్మల్’ అని ఉందట! ఇంతలో “మీ సమస్య పరిష్కారమైంది” అని మెసేజ్. ఆ వెంటనే పదికి పది మార్కులు వేయమని ఫోన్. వేస్తాను, ఏ పని చేశారో చెప్పండి.

బీఎస్-6 (కొత్త కాలుష్య నిబంధనల) బండిలో ట్యాంకు ఆవిరి సన్నటి పైపు గుండా బొగ్గుండే క్యానిస్టర్ అనే డబ్బాలోకి పోవాలి. ఎయిర్ ఫిల్టర్ కోసమో స్పార్క్ ప్లగ్ కోసమో ట్యాంకు ఎత్తి మళ్లీ బిగించేటప్పుడు ఆ పైపు ట్యాంకు కింద నలిగితే ఆవిరికి దారి మూసుకుపోతుంది. 10 లీటర్ల పెట్రోల్ 10 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 100 మిల్లీలీటర్లు ఉబ్బుతుంది. అలిపిరి దాటి చిన్న గేర్లలో ఘాట్ ఎక్కేటప్పుడు గాలి తక్కువ, ఇంజన్ పైభాగం (హెడ్) వేడి ఎక్కువ. ఉబ్బిన పెట్రోల్ మూత దగ్గరే దారి వెతుక్కుంటుంది. ఉత్త వేడికే పెట్రోల్ అంటుకోదు, దానికి 250 డిగ్రీల పైమాటే కావాలి. ఆ మాట మీవాళ్లు చెప్పారు, నిజమే. కారిన పెట్రోల్ ఆవిరికి మాత్రం ప్లగ్ క్యాప్ దగ్గర ఒక్క రవ్వ చాలు. అది చెప్పలేదు. “హాఫ్ ట్యాంకే కొట్టించండి” అన్నారు. మరి బండికి డబ్బులు సగమే తీసుకున్నారా?

మా నాన్నగారి నాటి నుంచి మా ఇంట్లో మీ బండే. అందుకే ఇన్నాళ్లు ఓర్చుకున్నాను.

నా ఎదుట ట్యాంకు దించి ఆవిరి పైపు, మూత రబ్బరు, మూత చుట్టూ నీళ్లు పోయే డ్రెయిన్ పైపు, ట్యాంకు కింద వేడి తగలకుండా ఆపే హీట్ షీల్డ్ చూసి, ఏముందో కాగితం మీద రాసి సంతకం పెట్టాలి. ఈ వారంలో కబురు రాకపోతే ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు, తర్వాత వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. 5 లక్షల లోపు కేసుకు అక్కడ ఫీజు కూడా లేదు. జాబ్ కార్డులు, తడిసిన మూత ఫొటోలు, మీ ‘పరిష్కారమైంది’ మెసేజ్‌తో సహా అన్నీ భద్రంగా ఉన్నాయి.

ఇట్లు,
మీ పాత కస్టమర్, తిరుపతి