ఖౌస్వే ఎందుకు ఆపామంటే

అమ్మ కన్నుమూసిన తరువాత కొట్టు తిరిగి తెరిచినప్పటి నుంచి మా బర్మా నూడుల్స్ వంటకం ఖౌస్వే ఎందుకు లేదని మీలో చాలామంది అడుగుతున్నారు. కొన్నాళ్లు ఆగమని చెప్పి పంపేయడం ఇన్నేళ్లుగా మా దగ్గర తింటున్నవారికి తగిన జవాబు కాదు కనుక ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

అమ్మ బర్మాలోని రంగూన్‌లో పుట్టింది. శ్రీకాకుళం వైపు నుంచి రేవు పనికి వలస వెళ్లిన మా తాతయ్య అక్కడే చిన్న కిరాణా కొట్టు పెట్టుకున్నాడు. 1962లో అధికారం చేజిక్కించుకున్న నే విన్ సైనిక ప్రభుత్వం 1964లో కొట్లను జాతీయం చేసి, ఆ మే నెలలోనే 50, 100 క్యాట్ల నోట్లను రద్దు చేయడంతో, వేలాది తెలుగు కుటుంబాలలాగే మావాళ్లు కూడా ఉన్నదంతా వదులుకుని ఓడ ఎక్కారు. తండ్రి సొంత ఊరని చెప్పుకున్న నేలను అమ్మ అప్పటివరకు చూడనేలేదు. బర్మా నుంచి తిరిగివచ్చినవారు ఉండే విశాఖపట్నం బర్మా క్యాంపులో ఆమె తెలుగు యాసను నవ్వినవారికే తోపుడుబండి మీద ఖౌస్వే వండి పెట్టి మమ్మల్ని చదివించింది. చివరి వేసవి వరకు మనవరాలి బుగ్గలకు తనకా అనే బర్మా చెట్టు బెరడు అరగదీసి పూసేది.

ఖౌస్వేకు నూడుల్సే ప్రాణం. గోధుమపిండిలో కోడిగుడ్డు సరిగ్గా పడితేనే కొబ్బరిపాలు, సెనగపిండి కలిసిన వేడి పులుసులో అవి విడిపోకుండా నిలుస్తాయి. మాకు నూడుల్స్ సరఫరా చేసే ఆయనకు ఆ పాళ్లు నేర్పినది అమ్మే. ఆమె మంచం పట్టాక ఆయన గుడ్లు మానేసి పసుపు రంగు కలపడం మొదలుపెట్టారు. గిన్నెలో పడగానే నూడుల్స్ ముక్కలైపోతుంటే అడిగాను. రుచి చూసి తప్పు పట్టడానికి పెద్దావిడ ఇక వంటింట్లోకి రాదు కదా అన్నారు. ఆ మాట నాకు ఇప్పటికీ మింగుడుపడలేదు.

ప్యాకెట్ నూడుల్స్ వాడమని ఇంట్లోవాళ్లూ, స్నేహితులూ చెప్పారు. సాయంత్రం అమ్మకాలలో పెద్ద భాగం ఖౌస్వేదే, పనివాళ్ల జీతాలూ, అద్దే ఆగవు కనుక వారి మాటలో న్యాయం ఉంది. ఒకసారి ఒప్పుకున్నాను, మళ్లీ వద్దన్నాను, పరామర్శకు వచ్చినవారు అమ్మను తలచుకుంటూ ఆ వంటకమే అడిగినప్పుడు ఇంకా తడబడ్డాను. చివరకు ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు సముద్రంలో వేట నిషేధం ఉండే రోజులలో అమ్మ ఏం చేసేదో ఆలోచించాను. తాజా చేప దొరకకపోతే ఐసులో పెట్టిన చేపతో వండకుండా, చేపల పులుసులో నూడుల్స్ వేసి చేసే మొహింగానే మానేసేది, ఎవరు ఎంత అడిగినా సరే. అందుకే ఆమె పేరు చెప్పి వేరే నూడుల్స్ వడ్డించకూడదని నిర్ణయించుకున్నాను.

పిండి వత్తి కోసే పాత యంత్రం ఒకటి కొన్నాము. నాన్నమ్మ పక్కన నిలబడి పిండి తడపడం నేర్చుకున్న మా అమ్మాయే ఆ పని చూసుకుంటోంది, ఆమె చేతికి పిండి పదును నాకంటే బాగా కుదురుతోంది. నూడుల్స్ పులుసులో నిలిచాయని మా ఇద్దరికీ నమ్మకం కలిగిన తరువాత, మొదట శనివారం సాయంత్రాలలో మాత్రమే ఖౌస్వే పెడతాము. ధర మారదు. మిగిలినవన్నీ ఎప్పటిలాగే దొరుకుతాయి. విందులకు ముందుగా డబ్బు కట్టినవారు కొట్టుకు వచ్చి మొత్తం తిరిగి తీసుకోవచ్చు. పాత పాళ్లతోనే మళ్లీ ఇస్తానని ఆ సరఫరాదారు ఈ మధ్య కబురు పంపారు. నేను ఆయన దగ్గర కొనను.