ఇంకు పెన్ను కొనే ముందు నోటు పుస్తకం తెరిచి చూడండి

తల్లిదండ్రులకు నమస్కారం.

తొమ్మిదో తరగతి నుంచి ఇంటిపని ఇంకు పెన్నుతో రాయిద్దామని మన తెలుగు ఉపాధ్యాయులు అడిగితే మీలో చాలామంది సరేనన్నారు. చాలా సంతోషం. అప్పట్నుంచి ఆఫీసు గదికి వచ్చేవాళ్లంతా అడుగుతున్నది ఒకటే: "లామీ సఫారీ కొనాలా మేడమ్, పైలట్ మెట్రోపాలిటన్ కొనాలా?" పుట్టినరోజుకని కొందరు, మేనమామ పంపిస్తానన్నాడని కొందరు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు ఈ నెల ఉత్తరంలోనే రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. ఈ రెండింటిలో ఏదీ తప్పనిసరి కాదు. రెండూ వెయ్యి రూపాయలు దాటేవే. బజార్లో చవగ్గా దొరికే కామ్లిన్ ఇంకు పెన్నుతో ముత్యాల్లాంటి అక్షరాలు రాసే పిల్లలు మన బడిలోనే ఉన్నారు. ఆ పెన్ను చాలనుకుంటే హాయిగా అదే కొనివ్వండి.

ఇక ఈ రెండింటి మధ్యే తేల్చుకోవాలంటే, తెలుగు ఎక్కువగా రాసే పిల్లలకు నేను పైలట్‌నే, అదీ సన్న పాళీ ఉన్నదాన్నే ఇప్పిస్తాను. సన్న పాళీకి రెండు కంపెనీలూ 'ఎఫ్' అనే గుర్తే వాడతాయి. కానీ పైలట్ జపాన్ వాళ్లది, లామీ జర్మనీ వాళ్లది. జపాన్ వాళ్ల ఎఫ్ వేరు, జర్మనీ వాళ్ల ఎఫ్ వేరు. చిన్న గడిలో బోలెడన్ని గీతలు ఇరికించాల్సిన లిపి జపాన్ వాళ్లది, అందుకే అక్కడి పాళీ మరింత సన్నగా రాస్తుంది. లామీ ఎఫ్ గీసే గీత దాదాపు పైలట్ మీడియం (మధ్యరకం) పాళీ గీసే గీతంత లావుంటుంది.

మన లిపికీ ఆ సన్నదనం కావాలి. పోయిన వారం ఒక అమ్మాయి నోటు పుస్తకం చూశాను. దస్తూరి చక్కగా ఉంది, పాళీయే లావు. 'లక్ష్మి' అని రాస్తే అడుగున మ వత్తు ముద్దయిపోయి కింది గీతకు అంటుకుంది. 'ధర్మం'లో ధ అడుగున ఉండాల్సిన చిన్న గీత పరుచుకున్న ఇంకులో కలిసిపోయి, చూసేవాళ్లకు ద లాగే కనిపించింది. దిద్దే టీచరు దాన్ని తప్పు కింద కొట్టేస్తే ఆ పిల్లకు ఎంత అన్యాయం! పిల్లలకు మనం కొనిచ్చే మామూలు లాంగ్ నోటు పుస్తకాల కాగితం పలచన, ఇంకును ఇట్టే పీల్చేస్తుంది. పాళీ లావైతే వెనక పేజీ కూడా రాయడానికి పనికిరాదు.

అలాగని సఫారీని తక్కువ చేయడం లేదు. 1980లో దాన్ని తెచ్చిందే బడి పిల్లల కోసం. పట్టుకునే చోట మూడు పలకలుగా ఉంటుంది, వేళ్లు వాటంతట అవే సరైన చోట కూర్చుంటాయి. ఒంటికి చిన్న కిటికీ ఉంది, ఇంకు ఎంత మిగిలిందో బయటికే కనిపిస్తుంది. కింద పడి పాళీ వంగితే, పాళీ ఒక్కటే కొని ఇంట్లోనే మార్చుకోవచ్చు. పిల్లల చేతిలో పెన్ను కింద పడకుండా ఉండదు కదా. ఎడమచేత్తో రాసేవాళ్ల కోసం ప్రత్యేకంగా పాళీ చేస్తారు కూడా. అందుకే ఎడమచేతి వాటం పిల్లలకు, పెన్ను పిడికిలి బిగించి పట్టుకునే పిల్లలకు నా ఓటు సఫారీకే. పైలట్‌ది ఇత్తడి ఒళ్లు, బరువెక్కువ. పట్టుకునే చోట నున్నగా ఉంటుంది, ఏప్రిల్ ఎండల్లో మన తిరుపతిలో చెమట చేతికి జారుతుంది. చేతులకు బాగా చెమట పట్టే పిల్లలైతే ఈ సంగతి ఆలోచించుకోండి.

మన రాష్ట్రంలో తయారైన పెన్నే కావాలని ఒక తాతగారు అడిగారు. ఆయన అడిగిన తీరు నాకెంతో నచ్చింది. స్వదేశీ వస్తువు ఏదైనా చేయమని గాంధీజీ ప్రోత్సహిస్తే, కె.వి. రత్నం గారు రాజమండ్రిలో 1932లో పెన్నుల తయారీ మొదలుపెట్టారు. ఆ రత్నం పెన్నులు నేటికీ వస్తున్నాయి. ఎబొనైట్, అంటే గట్టిపరచిన రబ్బరును లేత్ యంత్రం మీద తిప్పి చేస్తారు, చేతికి ఎంతో హాయిగా ఉంటుంది. అయితే చాలా రకాల్లో ఇంకు నేరుగా ఒంట్లోనే పోయాలి. సగం ఖాళీ అయ్యాక లోపలి గాలి చేతి వేడికి వ్యాకోచించి ఇంకును బయటికి నెడుతుంది, పెన్ను కక్కుతుంది. కొండకు వెళ్లేటప్పుడూ అంతే. పైకి పోయేకొద్దీ బయట గాలి ఒత్తిడి తగ్గుతుంది కాబట్టి సగం నిండిన పెన్ను జేబులో ఉంటే చొక్కా పాడవుతుంది. ఏ పెన్నయినా సరే, ఘాట్ రోడ్డు ఎక్కే ముందు పాళీ పైకి ఉండేట్టు పెట్టుకోమనండి. ఇంటి దగ్గర కూర్చుని రాసుకునే పెద్ద తరగతి పిల్లలకు రత్నం పెన్ను నిక్షేపంగా ఇవ్వచ్చు.

ఇంకు సంగతి. బ్రిల్, కామెల్ ఏదైనా పర్వాలేదు, రాయల్ బ్లూ తీసుకోండి. యూనిఫాం మీద పడ్డా ఉతికితే చాలావరకు పోతుంది. బొమ్మలకు వాడే ఇండియన్ ఇంకు మాత్రం పొరపాటున కూడా పోయకండి, లోపల గడ్డకట్టి పెన్ను మూలపడుతుంది. నెలకోసారి చన్నీళ్లతో కడిగితే చాలు, వేడినీళ్లు వద్దు. రాయడం ఆపగానే మూత పెట్టడం అలవాటు చేయండి, లేకపోతే ఈ ఎండలకు పాళీ ఎండిపోయి పిల్లలు విదిలించడం మొదలుపెడతారు, పక్కవాళ్ల చొక్కాల మీద చుక్కలు పడతాయి.

ఇంకు బుడ్డి బడికి పంపకండి, ఇంట్లోనే నింపి పంపండి. పెన్ను మీద పిల్లల పేరు అతికించండి. ఓఎంఆర్ పత్రం నింపాల్సిన పరీక్షలకు బాల్ పెన్ను తప్పదు, అదీ ఒకటి సంచిలో ఉంచండి.

రెండు పెన్నులూ ఇంకు నింపి ఆఫీసు గదిలో పెట్టిస్తున్నాను. శనివారం తల్లిదండ్రుల సమావేశానికి వచ్చేటప్పుడు పిల్లల నోటు పుస్తకం వెంట తెచ్చుకోండి. అందులోనే స్త్రీ, లక్ష్మి, జ్యోత్స్న, ధాత్రి అని పిల్లల చేతనే రెండింటితోనూ రాయించి చూసి, ఆ తర్వాతే కొనండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు,
తిరుపతి