పావు అంగుళం ముందుకొచ్చిన గిటార్ బ్రిడ్జి గురించి ఫిర్యాదు

విజయవాడ,
జనవరి 20, 2025.

గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి,
కస్టమర్ సర్వీస్ విభాగం.

విషయం: ఐదు తీగల మల్టీస్కేల్ బేస్ గిటార్‌లో బి స్ట్రింగ్ (అన్నిటికన్నా లావు తీగ) బ్రిడ్జి (బాడీ మీద తీగ చివర ఉండే భాగం) తప్పు చోట బిగించి పంపడం, దాన్ని సరిచేయడానికి మీ సర్వీస్ విభాగం ఒప్పుకోకపోవడం.

ఆర్యా,

నవంబరు 18న మీ వెబ్‌సైట్‌లో 41,500 రూపాయలు కట్టి మీ ఐదు తీగల మల్టీస్కేల్ బేస్ కొన్నాను. 24న ఇంటికొచ్చింది. 29న, అంటే మీరిచ్చిన ఏడు రోజుల వాపసు గడువు ఇంకా ఉండగానే, మొదటి ఫిర్యాదు పంపాను. తర్వాత ఇంకో రెండు మెయిళ్లు పెట్టాను. వాటికి వచ్చిన జవాబులు చూస్తే బేస్ గిటార్ చేత్తో పట్టుకున్నవాళ్లెవరూ వాటిని చదవలేదని తేలిపోయింది. అందుకే ఈసారి మొదటి నుంచి, కొలతలతో సహా రాస్తున్నాను. ఉత్తరం కాస్త పొడవైంది. ఓపిగ్గా చదవండి.

నేను ఆటోనగర్‌లో ఒక లేత్ వర్క్స్‌లో పనిచేస్తాను. ఆదివారాలు చర్చిలో, పెళ్లిళ్ల సీజన్‌లో ఆర్కెస్ట్రాలో బేస్ వాయిస్తాను. పదకొండేళ్లుగా నాలుగు తీగల బేసే. ఐదో తీగ కోసం మనసు లాగుతూనే ఉండేది కానీ, తోటివాళ్ల దగ్గర మామూలు 34 అంగుళాల ఐదు తీగల బేసులు వాయించినప్పుడల్లా ఆ బి స్ట్రింగ్ నచ్చేది కాదు. 31 హెర్ట్జ్ శ్రుతికి దింపిన లావాటి తీగ, 34 అంగుళాల పొడవులో బిగువు చాలక బట్టలారేసే తాడులా ఊగుతుంది. నొక్కితే దబ్‌మని చప్పుడొస్తుంది గానీ స్వరం ఏదో తెలియదు. మా చర్చిలో కీబోర్డు వాయించే అన్నయ్య ఒకసారి, "పియానో మూత తీసి చూడరా, మంద్రం తీగలు ఎంత పొడుగుంటాయో" అన్నాడు. మల్టీస్కేల్ కిటుకు అదే. సన్న తీగకు 34 అంగుళాలు చాలు, లావు తీగకు 37 ఇవ్వు. తీగ అదే, శ్రుతి అదే అయితే బిగువు పొడవు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 34 నుంచి 37కి వెళ్తే 18 శాతం ఎక్కువ బిగువు. మీ పేజీలో పెద్దక్షరాలతో వేసింది కూడా ఈ 34, 37 అంకెలే. ఇంకే హంగూ చూసి కొనలేదు నేను.

ముందు మంచి చెబుతాను. మెడ మీది ఫ్రెట్లు (వేళ్లతో తీగ నొక్కే మెట్లు) తాటాకు విసనకర్ర ఈనెల్లా విచ్చుకుని ఉండటం చూసి మొదట భయపడ్డాను. పదకొండేళ్ల అలవాటు చెడుతుందేమో అనుకున్నాను. రెండు రోజుల్లో ఆ భయం పోయింది. ఏడో ఫ్రెట్ నిటారుగా ఉంటుంది, అక్కడి నుంచి అటూ ఇటూ వాలుతూ పోతాయి. ఎడమ చెయ్యి పైకీ కిందికీ జరిగేటప్పుడు మణికట్టు తిరిగే తీరు కూడా అదే కాబట్టి వేళ్లు వాటంతటవే సర్దుకున్నాయి. మెడ బాగుంది, బరువు తక్కువ, ఫ్రెట్ల అంచులు చేతికి గీసుకోవు. జి, డి, ఎ స్ట్రింగులు గంటల్లా మోగుతున్నాయి. ఈ ధరకు ఇలాంటి పనితనం నేను అనుకోలేదు. మీరు దాన్ని పాడుచేసుకున్నది ఒక్క చోట.

నాలుగో రోజు రిహార్సల్లో బయటపడింది. ఐదు తీగల బేస్ తీసుకునేవాడు బి స్ట్రింగ్‌ను అడుగు స్వరాల కోసం మాత్రమే వాడడు. చెయ్యి పన్నెండో ఫ్రెట్ దగ్గరుండగా, కిందికి పరుగెత్తకుండా అక్కడికక్కడే మంద్ర స్వరాలు దొరకాలని తీసుకుంటాడు. ఆ రోజు బి స్ట్రింగ్ మీద పన్నెండో ఫ్రెట్ నొక్కి, అన్నయ్య కీబోర్డు ఎడమ చేత్తో అదే స్వరం పట్టుకుంటే, రెండూ కలవలేదు. సెకనుకు ఒకసారి అల లేచి పడినట్టు ఊగింది. పాట మొదలెట్టబోయిన పిల్లలు కూడా ఆగి మా వైపు చూశారు. ట్యూనర్ పెట్టి చూశాం. పన్నెండో ఫ్రెట్ మీద హార్మోనిక్ (తీగ నొక్కకుండా వేలు ఆనించి మీటితే వచ్చే స్వరం) సరిగ్గా ఉంది, అదే చోట నొక్కితే 24 సెంట్లు ఎక్కువ. 100 సెంట్లయితే పక్క ఫ్రెట్ స్వరమే వచ్చేస్తుంది. అందులో దాదాపు పావు వంతు తేడా అన్నమాట. కీబోర్డులో అది 61.7 హెర్ట్జ్, మీ బేస్‌లో 62.6. ఆ ఊపు ఎక్కడిదో లెక్క సరిపోయింది కదా.

ఇంటొనేషన్, అంటే ప్రతి ఫ్రెట్ దగ్గరా స్వరం శ్రుతిలో పలకడం, సరిచేసుకోవడం నాకు కొత్త కాదు. స్వరం ఎక్కువ పలుకుతుంటే శాడిల్‌ను, అంటే బ్రిడ్జి మీద తీగ ఆనే ముక్కను, వెనక్కి జరపాలి. జరిపాను. స్క్రూ చివరిదాకా వచ్చేసింది. ఇంకాస్త జాగా దొరుకుతుందేమోనని స్ప్రింగ్ కూడా తీసేశాను. 24 సెంట్లన్నది శాడిల్ అలా ఆఖరికి వెళ్లి ఆనుకున్నాక వచ్చిన లెక్క. మీరు పంపినప్పటిది ఇంకా ఎక్కువ.

అప్పుడు షాపు నుంచి స్టీల్ స్కేలు తెచ్చి కొలిచాను. పన్నెండో ఫ్రెట్ అంటే తీగకు సరిగ్గా సగం. బి స్ట్రింగ్ వైపు నట్ (మెడ పై చివర తీగలు ఆనే పట్టీ) నుంచి పన్నెండో ఫ్రెట్‌కు 18.5 అంగుళాలున్నాయి. రెట్టింపు చేస్తే 37. అంటే ఫ్రెట్లు మీరు చెప్పిన లెక్క ప్రకారమే ఉన్నాయి, వాటితో పేచీ లేదు. ఇక ఆ ఫ్రెట్ నుంచి శాడిల్ దాకా కనీసం 18.5 ఉండాలి. నొక్కినప్పుడు తీగ సాగి స్వరం పెరుగుతుంది కాబట్టి ఇంత లావు తీగకు ఇంకో పావు అంగుళం అదనంగా కావాలి. కానీ అక్కడ ఉన్నది 18.25. అంటే శాడిల్ ఎంత వెనక్కి లాగినా, ఉండాల్సిన కనీస హద్దుకు పావు అంగుళం ఇవతలే ఆగిపోతోంది. జి స్ట్రింగ్ వైపు 17, 17.1 ఉన్నాయి, అంతా సవ్యం. మీ బేస్‌కు ఒక్కో తీగకు ఒక్కో విడి బ్రిడ్జి ఉంది. నాలుగు సరిగ్గా బిగించి ఐదోది ముందుకు బిగించారు. నాకు కనిపిస్తున్నది అంతే.

బొబ్బిలి వీణ చేసేవాళ్లు 24 మెట్లను మైనం మీద, చెవితో విని కుదురుస్తారు. తేడా వస్తే మైనం కరిగించి మెట్టు జరుపుకోవచ్చు. గిటార్‌కు ఆ సౌకర్యం లేదు. ఫ్రెట్లు చెక్కలో దిగ్గొట్టేసి ఉంటాయి. జరిగేది శాడిల్ ఒక్కటే, అదీ బ్రిడ్జి ఎంత చోటిస్తే అంతే. కాబట్టి బ్రిడ్జికి రంధ్రం వేసే ముందే టేపు పెట్టి చూసుకోవాలి. మా షాపులో పావు అంగుళం తేడా వచ్చిన పీసును పంపించే సంగతి అలా ఉంచండి, టేబుల్ మీద పెట్టడానికే సిగ్గుపడతాం.

మీ టెస్టింగులో ఇది ఎందుకు దొరకలేదో కూడా ఊహించగలను. ఈ తప్పు ఫ్రెట్ పైకి వెళ్లేకొద్దీ పెరుగుతుంది. బ్రిడ్జి వల్ల వచ్చే తేడా మూడో ఫ్రెట్ దగ్గర రెండు సెంట్లే, ఏడో ఫ్రెట్ దగ్గర ఆరు, పన్నెండు దగ్గర పన్నెండు. మిగతాది తీగ లావు వల్ల కలిసేది. పెట్టెలో పెట్టేముందు ఎవరో కింది ఫ్రెట్లు నాలుగు మోగించి 'ఓకే' స్టిక్కర్ అంటించి ఉంటారు.

ఇక మీ జవాబుల సంగతి. మొదటి మెయిల్ అందినట్టు డిసెంబరు 9న, అంటే పది రోజులకు తెలిపారు. నేను పంపిన ఫొటోలు చూసి రాసిన వాక్యం అక్షరాలా ఇది: "ఫ్రెట్లు వంకరగా ఉన్నట్టు గమనించాము. భౌతిక నష్టానికి వారంటీ వర్తించదు." ఆర్యా, ఫ్రెట్లు వంకరగా ఉండటమే మీరు అమ్మిన వస్తువు! ఈ వాక్యం చదివి మా ఆర్కెస్ట్రా వాళ్లు వారం రోజులు నవ్వారు. డ్రమ్స్ తమ్ముడైతే ఇప్పటికీ నన్ను చూసి "అన్నా, నీ వంకర ఫ్రెట్లు తిన్నగయ్యాయా?" అంటాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

రెండో మెయిల్‌కు, తీగ మార్చి చూడమన్నారు. మార్చాను. మీ పేజీలో "ఏ 5 తీగల సెట్ అయినా సరిపోతుంది" అని ఉంది కాబట్టి ఊళ్లో 2,600 పెట్టి మామూలు లాంగ్ స్కేల్ (34 అంగుళాల బేసులకు వాడే) సెట్ కొన్నాను. బి తీగ లావు చుట్ట నట్ దాకా రాకుండానే అయిపోయింది. పట్టుదారం చుట్టిన సన్నటి కొస మొదటి ఫ్రెట్ మీదికి వచ్చింది. 37 అంగుళాలకు ఎక్స్‌ట్రా లాంగ్ స్కేల్ తీగ కావాలి, ఆ ముక్క మీ పేజీలో ఎక్కడా లేదు. హైదరాబాద్ నుంచి ఒక తీగ తెప్పించడానికి ఇంకో 1,450 అయింది. దానితో 23 సెంట్లు వచ్చింది. 24 పోయి 23. తప్పు తీగది కాదని తేల్చడానికి నేను 4,050 రూపాయలు ఖర్చుపెట్టాల్సి వచ్చింది.

డిసెంబరు 28న పెట్టిన మూడో మెయిల్‌కు జవాబుగా మీ సర్వీస్ వాళ్లు ఫోన్ చేశారు. మాట్లాడినాయన మర్యాదగానే మాట్లాడారు. "బి మీద అంత పైకి ఎవరు వాయిస్తారండీ" అన్నారు. 24 ఫ్రెట్లు పెట్టి అమ్మారు కదా, నేను వాయిస్తాను అన్నాను. చివరికి, "ఈ ధరలో ఇది మామూలే సార్" అన్నారు.

నాకు ఈ ఉత్తరం రాయాలనిపించింది ఆ మాటకే. ధర తక్కువ కాబట్టి చెక్క మామూలుదైతే సరే. పికప్పులు పేరున్నవి కాకపోతే సరే, పెయింటు పల్చగా ఉన్నా సరే. అవన్నీ తెలిసే కొన్నాను. కానీ బ్రిడ్జిని 18.25 దగ్గర బిగించినా 18.75 దగ్గర బిగించినా పట్టేవి అవే మూడు స్క్రూలు, పట్టే సమయం అదే. సరైన చోట రంధ్రం వేయడానికి రూపాయి కూడా ఎక్కువ కాదు. ఇలా విచ్చుకున్న ఫ్రెట్లకు అమెరికాలో రాల్ఫ్ నోవాక్ 1989లో పేటెంట్ తీసుకున్నారు. దాని గడువు తీరి చాలా ఏళ్లయింది, ఇప్పుడు ఎవరికీ రాయల్టీ కట్టక్కర్లేదు. కాబట్టి ధర తగ్గించినందుకు మిమ్మల్ని మెచ్చుకుంటాను. నేను కట్టినది శ్రుతిలో ఉన్న వాద్యానికి. ఆ 41,500 మీకు తక్కువ ధర కావచ్చు, నాకు రెండు నెలల జీతం కన్నా ఎక్కువ.

క్రిస్మస్ కార్యక్రమం కోసమే దీన్ని నవంబరులో తెప్పించాను. డిసెంబరు 24 రాత్రి ఐదో ఫ్రెట్ దాటి బి స్ట్రింగ్ ముట్టుకోకుండా, పాత నాలుగు తీగల బేస్ మీద వాయించినట్టే వాయించి వచ్చాను. ఎవరూ ఏమీ గమనించలేదు. నాకే తెలుసు.

బ్రిడ్జిని నేనే సరిచేసుకోగలను. మూడు స్క్రూలు తీసి, పాత రంధ్రాల్లో చెక్క బిళ్లలు కొట్టి, కనీసం అర అంగుళం వెనక్కి కొత్త రంధ్రాలు వేస్తే చాలు. వెనక బాడీ మీద రెండు అంగుళాల ఖాళీ ఉంది. మా షాపులో గంట పని. కానీ బాడీకి కొత్త రంధ్రం పడితే ఏడాది వారంటీ మొత్తం రద్దని మీ కార్డులో ఉంది. మీరు చేయరు, నన్ను చేసుకోనివ్వరు.

అందుకని నేను అడుగుతున్నది ఇది. అన్నిటికన్నా నాకు ఇష్టమైనది ఇదే మోడల్‌లో ఇంకో పీసు. అయితే పంపేముందు ఐదు తీగలకూ పన్నెండో ఫ్రెట్ దగ్గర ట్యూనర్ రీడింగు తీసి, ఆ ఫొటోలు నాకు పెట్టండి. అది కుదరకపోతే, బ్రిడ్జి నేను మార్పించుకోవచ్చనీ దానివల్ల వారంటీ పోదనీ రాతపూర్వకంగా ఇవ్వండి, ఖర్చు నేను అడగను. ఆ రెండూ కాదంటే 41,500 వాపసు చేసి వస్తువు మీ ఖర్చుతో తీసుకెళ్లండి. మూడింట్లో ఏది చేసినా, మీ సలహా మీద, మీ పేజీ మాట నమ్మి తీగలకు పెట్టిన 4,050 ఇవ్వాలి. మీ పేజీలో తీగల గురించి రాసిన ఆ ఒక్క లైనూ మార్చండి, ఇంకొకళ్లు మునగకుండా.

2020 నాటి ఇ-కామర్స్ నియమాల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలోపు పరిష్కరించాలి. రెండు గడువులూ దాటిపోయాయి. ఫిబ్రవరి 5 దాకా చూస్తాను. ఈలోగా సరైన జవాబు రాకపోతే 1915కి ఫోన్ చేసి వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేస్తాను, ఆపైన ఇక్కడే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. 2019 చట్టం కింద నేను ఉండే ఊళ్లోనే వేయవచ్చు, అయిదు లక్షల లోపు కొనుగోలుకు ఫీజు కూడా లేదు. బెదిరించడానికి చెప్పడం లేదు. కోర్టుల చుట్టూ తిరిగే తీరిక నాకూ లేదు, ఒక్కో వాయిదాకు ఒక రోజు కూలి పోతుంది.

బిల్లు, వారంటీ కార్డు, స్కేలు పెట్టి తీసిన ఆరు ఫొటోలు, ట్యూనర్ వీడియో, రెండు తీగల బిల్లులు, మీ మూడు జవాబుల వివరాలు జతచేశాను. బేస్ మీ అట్టపెట్టెలోనే, మీరిచ్చిన థర్మోకోల్‌తో సహా భద్రంగా ఉంది. తీసుకెళ్లడానికి మనిషిని పంపేటట్టయితే ఆదివారం పొద్దున మాత్రం వద్దు, ఇంట్లో ఎవరం ఉండం.

ఇట్లు,
మీ కొనుగోలుదారుడు,
విజయవాడ.