బూరెగాడి పన్ను

ఒరేయ్ బావా,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలైంది, జవాబు రాయలేదు. తిట్టు, పడతాను. అమ్మ కంటి ఆపరేషన్ బాగానే జరిగింది. ఇల్లు ఇంకా మారలేదు. అవన్నీ తర్వాత. ఇది నీకు చెప్తే గానీ నాకు నిద్ర పట్టేలా లేదు.

మా అమ్మాయి చిన్నిదాన్ని బూరెగాడు కరిచాడు.

బూరెగాడంటే మా కుక్కపిల్ల. సందు చివర పుట్టిన నాలుగింటిలో ఒకదాన్ని చిన్నిది ఒళ్లో పెట్టుకుని తెచ్చేసింది. ఆ పేరెందుకో నీకు వేరే చెప్పాలా, అన్నవరం మెట్ల మీద నువ్వు దాచిన మూడో బూరె! వాడికి రెండున్నర నెలలు. పోయిన గురువారం బిస్కెట్ కోసం ఎగిరితే చిన్నిదాని చిటికెనవేలికి పన్ను దిగింది. రెండు చుక్కల రక్తం. అమ్మ వెంటనే పసుపు, సున్నం కలిపి తెచ్చింది. "పాలపళ్లురా, ఏమీ కాదు" అంది.

సున్నం చూడగానే నాకు వాడు గుర్తొచ్చాడు బావా. తొమ్మిదో తరగతిలో మన బెంచీ వాడు. కుక్క కరిస్తే వాడికీ సున్నమే రాశారు. బొడ్డు చుట్టూ 14 సూదులంటే భయపడి ఆసుపత్రికే తీసుకెళ్లలేదు. రెండు నెలలకి మంచినీళ్ల గ్లాసు చూసి... వద్దులే, నువ్వూ ఉన్నావుగా అక్కడ.

అమ్మ చెయ్యి పట్టుకుని ఆపేశాను. కుళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగాను. అది ఏడుస్తూనే ఉంది, నేను గడియారం చూస్తూ కడుగుతూనే ఉన్నాను.

ఆసుపత్రిలో డాక్టరమ్మ మంచి మాట చెప్పింది. ఇప్పుడు రేబిస్‌కి బొడ్డు చుట్టూ సూదులు లేవు. రెండు జబ్బలకీ చర్మంలోకి కొద్దికొద్దిగా వేస్తారు. మొదటి రోజు, తర్వాత 3, 7, 28 రోజులకి. కానీ రక్తం వచ్చింది కదా, టీకా ఒక్కటే చాలదట. అది పనిచెయ్యడానికి వారం పైనే పడుతుంది, ఈలోగా కాపాడటానికి ఇమ్యునోగ్లోబ్యులిన్ అని గాయంలోకే ఎక్కించారు. చిటికెనవేల్లోకి సూది! దాన్ని పట్టుకున్న నా చేతులు ఇంకా వణుకుతున్నట్టే ఉన్నాయి.

మూడు నెలలు నిండాక బూరెగాడికి టీకా వేయిద్దామనుకున్నాం. అంత పసిదానికి జబ్బేమిటని మా ధీమా. వీధిలో పుట్టిన పిల్లకి వీధి కుక్కల నుంచి రావచ్చు అంది డాక్టరమ్మ. వాణ్ణి 10 రోజులు కనిపెట్టి ఉండమంది. వాడికి నులిపురుగుల మందు కూడా వెయ్యలేదని తెలిసి కోప్పడింది. ఆ గుడ్లు పిల్లల కడుపులోకి పోతే పురుగులు కంటిదాకా వెళ్లొచ్చట. నాకసలు తెలీదురా ఇది!

ఆ రాత్రి వాడి మీద ఎంత కోపమొచ్చిందో. పొద్దున్నే ఎక్కడైనా వదిలేద్దామని మీ చెల్లితో అన్నాను. చిన్నిది వినేసింది. "సూదులు నేను వేయించుకుంటున్నాగా నాన్నా, దాన్నెందుకు పంపడం?" అంది. ఏం చెప్పను? వాడు బానే తింటున్నాడు, తోక ఊపుతున్నాడు. ఇవాళ ఏడో రోజు. ఇంకో మూడు రోజులు గడవాలి.

నీ టైగర్‌కి ఈ ఏడు టీకా వేయించావా? బుజ్జిగాడు దాని మెడ పట్టుకునే పడుకుంటాడు కదా. వెంటనే చూడు. గోరు గీరినా సరే, అసలు...

ఆటో వచ్చేసింది. మూడో సూదికి వెళ్లాలి. చిన్నిది మామయ్యకి జబ్బ చూపిస్తానంటోంది.

నీ
బావ