బడి బీరువాలోకి మిస్టరీ నవలలు: ఈ ఏటి వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

నల్లగొండ చుట్టుపక్కల సర్కారు హైస్కూళ్ల లైబ్రరీలకు ఏడు నుంచి పదో తరగతి పిల్లలు చదివే మిస్టరీ నవలలు ఇవ్వాలని పోయిన సర్వసభ్య సమావేశంలో తీర్మానించుకున్నాం. నీతికథలు, మహనీయుల చరిత్రలు ఉండగా దొంగలు, హత్యల పుస్తకాలెందుకని కొందరు పెద్దలు అప్పుడే అడిగారు. నీతికథలకు బడుల్లో కొదవేం లేదు. అట్ట నలగకుండా ఉన్నవీ అవే.

ఎక్కువ టైమ్ ఎంపికకే పట్టింది. తెలుగులో డిటెక్టివ్ నవలలు బోలెడు. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్, అతని అసిస్టెంట్ రాజు కోసం అద్దె లైబ్రరీల దగ్గర పడిగాపులు పడ్డవాళ్లు మన సభ్యుల్లోనే ఉన్నారు. కానీ అవి పెద్దవాళ్ల కోసం రాసినవి. పద్నాలుగేళ్ల పిల్లలే ఆరా తీసి ముడి విప్పే నవలలు మనకు తక్కువ. బెంగాలీలో సత్యజిత్ రాయ్ 1965లోనే ‘సందేశ్’ అనే పిల్లల పత్రికలో ఫెలూదా అనే డిటెక్టివ్ కథలను మొదలుపెట్టారు. ఆ కథలు మనకు చెప్పేది ఫెలూదా తమ్ముడి వరసయ్యే తోప్సే అనే కుర్రాడు. అలాంటివి తెలుగులో చాలినన్ని దొరక్క అనువాదాలు, సులువైన ఇంగ్లీషు పుస్తకాలు కొన్ని కలుపుకున్నాం.

డిటెక్టివ్ కథ ఎలా ఉండాలో రోనాల్డ్ నాక్స్ అనే ఇంగ్లండ్ రచయిత 1929లో పది నియమాలు రాశారు. ఆయన చర్చి ఫాదర్ కూడా. వాటిలో రెండు మన కమిటీ పట్టుకుంది: దొరికిన ఆధారం పాఠకుడికీ చూపించాలి, దయ్యాలు, మహిమలతో ముడి విప్పకూడదు. చేతబడితో తేల్చేసిన పుస్తకాలు అలా పక్కకు పోయాయి. నెత్తుటిని మురిపెంగా వర్ణించినవీ పోయాయి. ఒక హత్య ఉందన్న కారణానికి మాత్రం ఏదీ తీసెయ్యలేదు. ఆ వాదన కమిటీలో ఇంకా తెగలేదు.

ఒక బడి నుంచి తిరిగొచ్చిన నవల మొదటి పేజీలో ఎవరో పెన్సిల్‌తో ‘దొంగ డాక్టరే’ అని రాసిపెట్టారు. దాని కిందే ఇంకో చేతిరాత: ‘కాదు, మొత్తం చదువు’. చెరిపేద్దామని రబ్బరు తీసిన మన కార్యదర్శి, నవ్వుకుని అలాగే వదిలేశారు. రెండోవాడు చెప్పిందే కరెక్ట్.

అన్నిచోట్లా ఇంత బాగా జరగలేదు. నిజాం జమానాలో, 1918లోనే తెలుగు గ్రంథాలయం పెట్టుకున్న ఊరు మనది. అయినా కొన్ని బడుల్లో మనమిచ్చిన పుస్తకాలు తాళం వేసిన బీరువాలోనే ఉన్నాయి. టీచర్లనూ తప్పుపట్టలేం. పుస్తకం పోతే స్టాక్ రిజిస్టర్‌లో సంతకం పెట్టినవాళ్లు జవాబు చెప్పుకోవాలన్నది వాళ్ల టెన్షన్. అందుకని తరగతి గదిలోనే తాడు కట్టి పుస్తకాలు వేలాడదీసి, ఇచ్చిపుచ్చుకునే లెక్క పిల్లల నోటుబుక్కుకే వదిలేశాం. పోయినవి పోనీ, మళ్లీ కొందాం.

నవంబరు 14 నుంచి 20 వరకు జరిగే గ్రంథాలయ వారోత్సవాల్లో పిల్లలను పానగల్లు ఛాయా సోమేశ్వరాలయానికి తీసుకెళ్లాం. అక్కడి మూడు గర్భగుళ్లలో ఒకదాంట్లో శివలింగం వెనుక గోడ మీద పగలంతా ఒక నీడ అలాగే నిలిచి ఉంటుంది. కారణం చెప్పకుండా, కంటికి కనబడిన ఆధారాలు రాయమన్నాం. ఒకమ్మాయి మండపంలో స్తంభం పక్కన నిలబడి చున్నీ అడ్డం పట్టి, ‘నీడ కదిలిందా?’ అని లోపలున్న స్నేహితురాలిని కేకేసి అడిగింది. వెలుతురు చెదిరొచ్చి స్తంభాల మీద పడే తీరే ఆ నీడకు కారణమని చివర్లో చెప్పాం. ఆ అమ్మాయి ఇప్పుడు అదే గుళ్లో ఒక దొంగతనం కథ రాస్తోంది. మిగతా పిల్లల రచనలతో కలిపి రాతపత్రిక తేవాలని ఉంది.

జమాఖర్చుల పత్రం సమావేశంలో అందరికీ ఇస్తాం. ఇళ్లల్లో పాత మిస్టరీ నవలలు ఉన్నవాళ్లు దయచేసి తెచ్చివ్వండి. ఇచ్చేముందు చివరి పేజీలు ఉన్నాయో లేదో ఒక్కసారి చూసుకోండి.

– కార్యవర్గం తరఫున